హోదా చూసి పోర్టు తెరవకూడదు

సంపాదకుల వారికి,

నమస్కారం. సైన్యంలో ఐటీ ఉద్యోగాల గురించి ఈమధ్య మీ కెరీర్ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. అది చదివిన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చి, ‘అంకుల్, మీరు చేసింది ఇదేగా?’ అని అడిగారు కూడా. అందుకే ఈ ఉత్తరం. చాలా ఏళ్లు సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో కంప్యూటర్లు, నెట్‌వర్క్ చూసే టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. నా పేరు వేయవద్దని మనవి. నాతో కలిసి పనిచేసినవాళ్లు ఇంకా సర్వీసులో ఉన్నారు.

వ్యాసంలో తప్పులేమీ లేవు. చదువు, వయసు, ఎత్తు, పరీక్ష, జీతం అన్నీ రాశారు. దాని పక్కన వేసిన బొమ్మ మీదే నా అభ్యంతరం. చీకటి గది, ముఖం కనబడకుండా తల మీదికి ముసుగు లాక్కున్న మనిషి, ఎదురుగా స్క్రీన్ మీద జారిపోతున్న పచ్చటి అంకెలు. అలాంటి పని చేసేవాళ్లు అసలు ఉండరని కాదు. ఉంటారు, కొద్దిమంది. టెక్నీషియన్‌గా చేరినవాళ్లలో ఎక్కువమంది చేసేది వేరే పని. అందులో కష్టం ఎక్కడుందో వ్యాసంలో ఒక్క వాక్యం కూడా లేదు. నన్నడిగితే అసలు కష్టం ఒకటే. మనకంటే ఎంతో పై హోదాలో ఉన్న మనిషి ‘ఒక్కసారికి కానిచ్చెయ్’ అన్నప్పుడు ‘కుదరదు సర్’ అని నిలబడటం. మిగతాదంతా నేర్చుకుంటే వస్తుంది.

ముందు రోజువారీ పని సంగతి చెబుతాను. పొద్దున డ్యూటీ చేతులు మారేటప్పుడు మొదట చూసేది లాగ్ రిజిస్టర్. రాత్రి ఏ లింకు పడిపోయింది, ఎప్పుడు లేచింది, కరెంటు పోయాక జనరేటర్ అందుకునే లోపల యూపీఎస్ ఎంతసేపు మోసింది, కంప్యూటర్ల కేబుళ్లను కలిపే ఏ నెట్‌వర్క్ స్విచ్ దానంతటదే రీస్టార్ట్ అయింది అన్నీ అందులో ఉండాలి. తర్వాత సర్వర్ గదిలో ఏసీ. ఆ తర్వాత బ్యాకప్. స్క్రీన్ మీద పచ్చ టిక్కు కనబడితే బ్యాకప్ అయినట్టు కాదు. అప్పుడప్పుడు ఒక ఫైలు వెనక్కి తీసి, తెరిచి చూడాలి. ఆఫీసులు తెరిచేసరికి ఫోన్లు మొదలు. పాస్‌వర్డ్ లాక్ అయింది. ప్రింటర్ కాగితం మింగింది. నెట్ స్లోగా ఉంది. ఈ మూడింటిలో మూడోదే పెద్ద తలనొప్పి, ఎందుకంటే చాలాసార్లు అది ఫిర్యాదు కాదు, ఫోన్ చేసినాయన మూడ్.

వీటి మధ్యలోనే పీటీ, పెరేడ్, గార్డ్ డ్యూటీ, ఫైరింగ్. టెక్నీషియన్ కదా అని ఎవరూ మినహాయించరు. మినహాయించకూడదు కూడా. రాత్రంతా కాపలా కాసి వచ్చి, నెట్‌వర్క్ కేబుల్ చివర ప్లగ్గు బిగించే క్రింపింగ్ టూల్ పట్టుకుని ఎనిమిది సన్నటి వైర్లను వరుసగా పేర్చాలి. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-పచ్చ, నీలం, తెలుపు-నీలం, పచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. నిద్రలో లేపి అడిగినా ఈ వరుస చెప్పగలను. కానీ రెప్పలు వాలిపోతుంటే నారింజకీ గోధుమకీ తేడా తెలియదు.

ఎక్సర్‌సైజుకి, అంటే యుద్ధ విన్యాసాలకి వెళ్తే ఆఫీసులో ఉన్న నెట్‌వర్కంతా డేరాల్లో మళ్లీ కట్టాలి. కేబుల్ నేల మీద పరిస్తే ట్రక్కు ఎక్కుతుంది. పూడిస్తే, ఎక్కడ పూడ్చామో రాసుకోని చోటే తెగుతుంది. స్తంభాలకు కడితే గాలి ఊరుకోదు. ఇక ఎలుకలకి ఫైబర్ కేబుల్ తొడుగంటే ఎందుకంత ఇష్టమో ఇప్పటికీ నాకు అర్థం కాదు. దుమ్మున్న చోట ఫైబర్ కొస తుడవకుండా కనెక్టర్ పెట్టకూడదు. దూరాలకు వాడే సింగిల్ మోడ్ ఫైబర్‌లో వెలుగు నడిచే దారి మందం సుమారు 9 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కంటికి కనిపించని నలుసు చాలు, దాన్ని మూసేయడానికి. కొత్తవాళ్లు చొక్కా అంచుతో తుడుస్తారు, చూస్తే ప్రాణం పోతుంది.

చలి ప్రాంతంలో ఇంకో తంటా. బయట గడ్డకట్టుకుపోయిన ల్యాప్‌టాప్‌నో రేడియో సెట్టునో వెచ్చని డేరాలోకి తెచ్చి వెంటనే ఆన్ చేస్తే, లోపల బోర్డు మీద పట్టిన చెమ్మతో షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. సంచిలో మూసి ఉంచి నెమ్మదిగా వేడెక్కనివ్వాలి. ఈలోగా పైనుంచి ఫోన్: ‘ఇంకా ఆన్ చేయలేదేం?’ ఎందుకు చేయలేదో చెబితే, ‘నాకు ఫిజిక్స్ పాఠం వద్దు’ అంటారు. నేను చెప్పదలచుకున్నది ఇక్కడే మొదలవుతుంది.

రహస్య సమాచారం నడిచే నెట్‌వర్క్‌నీ, ఇంటర్నెట్ ఉన్న నెట్‌వర్క్‌నీ సైన్యంలో కలపరు. కంప్యూటర్లు వేరు, కేబుళ్లు వేరు. రెండు రకాల కేబుళ్ల మధ్య కొంత దూరం కూడా ఉంచుతారు. చేరిన కొత్తలో ఈ దూరం చాదస్తమనిపిస్తుంది. దాని వెనక పెద్ద కథే ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు సైన్యానికి టెలిటైప్ సందేశాలను, అంటే టైపు చేసి తీగ మీద పంపే సందేశాలను, రహస్య లిపిలోకి మార్చే యంత్రం ఇచ్చారు. ల్యాబ్‌లో అది పనిచేసినప్పుడల్లా గది అవతలి మూల ఉన్న, కరెంటు హెచ్చుతగ్గులను తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోప్ మీద గీత ఉలిక్కిపడటం ఒక ఇంజినీరు గమనించాడు. ఆ గీతలను చదివితే అసలు సందేశమే బయటికి వచ్చింది. సైన్యం నమ్మలేదు. దాంతో ఇంజినీర్లు న్యూయార్క్‌లో ఆ యంత్రం వాడే సైన్యపు కేంద్రానికి వీధి అవతల, సుమారు 80 అడుగుల దూరంలో ఉన్న భవనంలో కూర్చుని, ఒక గంటసేపు సంకేతాలు రికార్డు చేసి, అందులో నాలుగింట మూడొంతుల సందేశాన్ని చదివి వినిపించారు. తాళం వేసిన పెట్టెలో ఉన్న రహస్యం గోడ దాటి అవతలికి వినపడుతోందన్నమాట. ఇప్పుడు చెప్పండి, రెండు కేబుళ్ల మధ్య జానెడు దూరం చాదస్తమా?

అలాగే, రహస్య కంప్యూటర్‌లో హార్డ్‌డిస్క్ పాడైతే, అది వారంటీలో ఉన్నా కంపెనీకి తిరిగి పంపకూడదు. దాన్ని ధ్వంసం చేసి, సాక్షి సంతకంతో రిజిస్టర్‌లో ఎక్కించాలి. పెద్ద ప్రింటర్లలో కూడా హార్డ్‌డిస్క్ ఉండొచ్చని చాలామందికి తెలియదు. రిపేరుకి వచ్చిన బయటి మెకానిక్ వెంట మేం నీడలా తిరుగుతుంటే ఆయనకి అవమానంగా ఉండేది. ఆయన్ని అనుమానించినట్టు ఉండకుండా మాటల్లో పెట్టడం కూడా మా పనే.

ఇంత కట్టుదిట్టంగా వేరు చేసిన రెండు నెట్‌వర్క్‌లనీ ఒక్క క్షణంలో కలపగలిగేది జేబులో పట్టే పెన్‌డ్రైవ్. అది ఎక్కువగా ఎవరి జేబులోంచి వస్తుందో మాకు బాగా తెలుసు.

ఒకసారి పెద్ద సమీక్ష జరుగుతోంది. వీడియో కాన్ఫరెన్స్ అంటేనే మాకు టెన్షన్. అవతలివాళ్ల మైక్ మ్యూట్‌లో ఉన్నా తిట్లు మాకే. మొదలవడానికి కాసేపు ముందు ఒక సీనియర్ అధికారి వచ్చి, సొంత పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టి, ‘రెండు స్లైడ్లు మార్చాను, ఇవి ఎక్కించు’ అన్నారు. ఆ కంప్యూటర్ రహస్య నెట్‌వర్క్‌ది. దాని పోర్టులు, అంటే పెన్‌డ్రైవ్ గుచ్చే సాకెట్లు, పనిచేయకుండా మూసి ఉంటాయి. తెరిచే పాస్‌వర్డ్ ఆ సమయానికి నా దగ్గర ఉంది. బయటి ఫైలు ఏదైనా సరే, దేనికీ కలపని వేరే కంప్యూటర్‌లో స్కాన్ చేసి, రిజిస్టర్‌లో రాసి, ఆఫీసు డ్రైవ్‌లోకి మార్చి తేవాలన్నది నియమం. ‘సర్, స్కాన్ చేసి తెస్తాను’ అన్నాను. ‘టైం లేదు. నా పెన్‌డ్రైవ్‌లో ఏముంటుంది? నేనేమైనా శత్రువునా?’ అన్నారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పకూడదు. చెబితే గొడవ నియమాన్ని వదిలేసి మనిషి మీదికి మళ్లుతుంది. ‘ఆ పోర్టు తెరవడానికి నాకు అనుమతి లేదు సర్. మీరు రాసిస్తే మా ఆఫీసర్‌కి చూపిస్తాను’ అన్నాను. గదిలో ఉన్నవాళ్లంతా తమ బూట్ల వైపు చూసుకుంటున్నారు.

మా సెక్షన్ ఆఫీసర్ వచ్చి, గొంతు పెంచకుండా, ‘నేనే తీసుకెళ్లి స్కాన్ చేయించి తెస్తాను సర్’ అని ఆ డ్రైవ్ అందుకున్నారు. సమావేశం పాత స్లైడ్లతోనే మొదలైంది. కొత్తవి మధ్యలో వచ్చి చేరాయి. పైనుంచి వచ్చినవాళ్లెవరూ గమనించినట్టు కూడా లేదు. స్కాన్‌లో ఏమీ దొరకలేదు. ‘చూశావా, ఏమీ లేదుగా!’ అన్నారు ఆయన తర్వాత. ఏమీ లేదని తెలుసుకోవడానికే కదా స్కాన్ చేసేది! ఆ మాట పైకి అనలేదు. ఆ తర్వాత కొన్నాళ్లు నా సెలవు దరఖాస్తులు ఎందుకో నెమ్మదిగా కదిలాయి. దీనివల్లేనని చెప్పడానికి నా దగ్గర రుజువు లేదు. మా సెక్షన్ ఆఫీసర్ మాత్రం ఆ సాయంత్రమే రిజిస్టర్‌లో ‘టెక్నీషియన్ నియమం ప్రకారం నడుచుకున్నాడు’ అని రాసి సంతకం పెట్టారు. ఆ వాక్యం లేకపోయి ఉంటే రెండోసారి అలా నిలబడేవాణ్ణో లేదో నాకే తెలియదు.

ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా అనుకునేవాళ్లు 2008లో అమెరికా సైన్యానికి ఏమైందో చూడాలి. మధ్యప్రాచ్యంలోని ఒక స్థావరంలో ఎవరో వైరస్ ఉన్న ఫ్లాష్ డ్రైవ్‌ని సైన్యపు ల్యాప్‌టాప్‌లో పెట్టారు. అది అక్కడి నుంచి, ఆ ప్రాంతపు సైన్యాన్ని నడిపే సెంట్రల్ కమాండ్ నెట్‌వర్క్‌లోకి పాకింది. మామూలు నెట్‌వర్క్‌తో ఆగలేదు, రహస్య నెట్‌వర్క్‌లోకి కూడా వెళ్లింది. అప్పటి డిప్యూటీ రక్షణ మంత్రి విలియం లిన్ 2010లో స్వయంగా ఈ సంగతి బయటపెట్టారు. శుభ్రం చేయడానికి నెలలు పట్టింది. ఆ ఏడాది నవంబరులో పెన్‌డ్రైవ్‌ల వాడకాన్నే నిషేధించాల్సి వచ్చింది. ఈ దెబ్బ తర్వాతే వాళ్లు సైబర్ కమాండ్ అనే పెద్ద వ్యవస్థ పెట్టుకున్నారు. పత్రికలు ఆ కమాండ్ గురించి రాస్తాయి. ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ వెళ్లి, తుడిచి, మళ్లీ ఇన్‌స్టాల్ చేసిన టెక్నీషియన్ల గురించి ఎవరూ రాయరు. ఆ పని ఎంత విసుగ్గా ఉంటుందో నేను ఊహించగలను.

ఇది కంప్యూటర్లతో వచ్చిన జబ్బు కూడా కాదు. 1941 ఆగస్టు 30న జర్మన్ సైన్యపు ఆపరేటర్ ఒకరు ఏథెన్స్ నుంచి వియన్నాకు సుమారు 4,000 అక్షరాల సందేశం పంపాడు. సందేశాన్ని రహస్య లిపిలోకి మార్చడానికి వాడిన యంత్రం లోరెంజ్, వాళ్ల దగ్గరున్న అత్యంత కట్టుదిట్టమైన యంత్రాల్లో ఒకటి. అవతల సరిగ్గా అందలేదు, మళ్లీ పంపమన్నారు. నియమం ప్రకారం చక్రాల అమరిక మార్చి పంపాలి. మార్చకుండా మొదటి అమరికతోనే మళ్లీ పంపాడు. అంతా మళ్లీ కొట్టడానికి విసుగేసి కాబోలు, కొన్ని మాటలు కుదించాడు కూడా. ఉన్నదున్నట్టు పంపినా శత్రువుకి అంతగా ఉపయోగపడేది కాదు. ఆ చిన్న తేడాలతోనే దొరికిపోయాడు. బ్రిటన్‌లో శత్రువుల రహస్య సందేశాలు ఛేదించే కేంద్రమైన బ్లెచ్లీ పార్క్‌లో జాన్ టిల్ట్‌మన్ ఆ రెండు సందేశాలనూ విడదీశాడు. బిల్ టట్ అనే యువ గణితవేత్త, తాను ఎన్నడూ చూడని ఆ యంత్రం లోపల ఎన్ని చక్రాలున్నాయో, అవి ఎలా తిరుగుతాయో కాగితం మీదే తేల్చేశాడు. ఆ ఆపరేటర్‌ని తలుచుకుంటే నాకు కోపం రాదు. అవతల ఎవరో పెద్ద అధికారి సందేశం కోసం గడియారం చూసుకుంటూ ఉండి ఉంటాడు. మా పని తెలిసినవాళ్లకి ఆ తొందర ఎలాంటిదో తెలుసు.

అదే లోరెంజ్ కథలో నాకు బాగా ఇష్టమైన మనిషి వేరే ఉన్నాడు. టామీ ఫ్లవర్స్. గణితవేత్త కాదు, సైనికుడు కాదు, బ్రిటిష్ తపాలా శాఖలో టెలిఫోన్ ఇంజినీరు. లోరెంజ్ సందేశాలు ఛేదించడానికి వెయ్యికి పైగా వాల్వులతో, అంటే పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాలతో, యంత్రం కడతానంటే పెద్దలు తలలు అడ్డంగా ఊపారు. అన్ని వాల్వులుంటే ఏదో ఒకటి మాడిపోతూనే ఉంటుంది కదా అని వాళ్ల అనుమానం. ఫ్లవర్స్‌కి టెలిఫోన్ ఎక్స్ఛేంజీల అనుభవంతో ఒక సంగతి తెలుసు. వాల్వులు ఎక్కువగా పాడయ్యేది ఆన్, ఆఫ్ చేసినప్పుడు. ఒకసారి వేసి ఆపకుండా వదిలేస్తే అవి చాలాకాలం నడుస్తాయి. పట్టుబట్టి కట్టాడు. కొలోసస్ అనే ఆ యంత్రం 1944 మొదట్లో పనిచేయడం మొదలుపెట్టింది.

ఒకచోట ఆపకపోవడం మందయితే, ఇంకోచోట ఆపి మళ్లీ వేయడమే మందు. 1991 గల్ఫ్ యుద్ధంలో సౌదీ అరేబియాలోని ధహ్రాన్ దగ్గర, శత్రు క్షిపణులను గాల్లోనే కూల్చే అమెరికా పేట్రియాట్ వ్యవస్థకి ఆ మందు పడలేదు. దాని కంప్యూటర్ కాలాన్ని సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెట్టి, దాన్ని సెకన్లలోకి మార్చుకునేది. పదో వంతు అనే అంకె ఆ కంప్యూటర్ వాడే 24 బిట్లలో, అంటే 24 సున్నా-ఒకట్ల గళ్లలో, పూర్తిగా ఇమడదు, కొస తెగిపోతుంది. తెగిపోయేది అణువంత. కానీ యంత్రాన్ని ఆపకుండా నడిపేకొద్దీ ఆ తేడా పోగవుతుంది. 100 గంటలు నడిచేసరికి అది దాదాపు మూడో వంతు సెకనయింది. ఇరాక్ వదిలే స్కడ్ క్షిపణి వేగానికి ఆ కాస్త సమయమంటే ఆరు వందల మీటర్లకు పైమాటే. ఫిబ్రవరి 25న వచ్చిన స్కడ్‌ని రాడార్ తప్పుచోట వెతికింది. అది వచ్చి బ్యారక్ మీద పడి 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు.

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ లెక్క తప్పు కాదు. అదే నెల 11న, పేట్రియాట్‌నే వాడుతున్న ఇజ్రాయెల్ వాళ్లు, 8 గంటలు నడిస్తేనే తేడా కనబడుతోందని చెప్పారు. 21న యూనిట్లకు హెచ్చరిక వెళ్లింది, ‘చాలా ఎక్కువసేపు’ నడిపితే గురి తప్పవచ్చని. ఎంతసేపో చెప్పలేదు. యంత్రం ముందు కూర్చున్నవాడు దాన్ని చూసి ఏం చేస్తాడు? 8 గంటలా, 80 గంటలా? ఫలానా గంటలకొకసారి ఆపి మళ్లీ వేయండి అని ఒక అంకె రాసి ఉంటే సరిపోయేది. రీబూట్‌కి పట్టేది ఒక నిమిషం పైన. సవరించిన సాఫ్ట్‌వేర్ ధహ్రాన్ చేరింది ఫిబ్రవరి 26న, అంటే మర్నాడు. అమెరికా పార్లమెంటు తరఫున లెక్కలు చూసే సంస్థ 1992లో ఇచ్చిన నివేదికలో ఇదంతా ఉంది. శిక్షణలో కొత్తవాళ్లకు నేను ఈ కథ తప్పకుండా చెప్పేవాణ్ణి. చెప్పి, వాళ్లు రాసిన సూచనల్లో ‘తరచుగా’, ‘వీలైనప్పుడు’, ‘అవసరాన్ని బట్టి’ కనబడిన చోటల్లా ఎర్ర పెన్నుతో కొట్టేసి, అంకె వేయమనేవాణ్ణి. వాళ్లు నన్ను వెనకాల ఏమని పిలిచేవాళ్లో నాకు తెలుసు.

నియమాలన్నీ పైవాళ్లకేనా, టెక్నీషియన్‌కి లేవా అని ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. మెయిల్ సర్వర్‌కి తాళంచెవి ఉన్నవాడు కమాండర్ ఉత్తరాలు కూడా తెరవగలడు. చిన్న ర్యాంకు, పెద్ద తాళాల గుత్తి. అమెరికాలో జాక్ టెషీరా వ్యవహారం గుర్తుండే ఉంటుంది. ఎయిర్ నేషనల్ గార్డ్‌లో నెట్‌వర్క్ పరికరాలు చూసే కుర్రాడు. 2023 ఏప్రిల్‌లో అరెస్టయ్యేనాటికి వయసు 21. రహస్య పత్రాలను ఆన్‌లైన్ ఛాట్ గ్రూపులో స్నేహితుల ముందు గొప్పకి పెట్టాడు. 2024 నవంబరులో 15 ఏళ్ల జైలుశిక్ష పడింది. అక్కడ కూడా అతను తన పనికి సంబంధం లేని పత్రాలు చూస్తున్నాడని యూనిట్‌లో కొందరు ముందే గమనించారు. మందలించారే తప్ప పై భద్రతా విభాగానికి సరిగ్గా తెలియజేయలేదు. తర్వాత వైమానిక దళం 15 మంది మీద చర్య తీసుకుంది. అందుకే నేను నా అకౌంట్ లాగ్‌ని ఇంకొకరు చూడాలని అడిగేవాణ్ణి. అది నా మీద అనుమానం కాదు, నాకు రక్షణ. రేపు ఏదైనా బయటికి పొక్కితే మొదట వేళ్లు చూపించేది మావైపే.

ఫోన్ల సంగతి వేరే చెప్పాలా? వ్యాయామం లెక్కపెట్టే స్ట్రావా అనే యాప్ వాళ్లు 2017 చివర్లో ప్రపంచంలో జనం ఎక్కడెక్కడ పరిగెడుతున్నారో వెలుగు గీతలతో మ్యాప్ విడుదల చేశారు. ఎడారుల మధ్య చీకట్లో దీర్ఘచతురస్రాలు మెరిశాయి. సైనిక స్థావరాల గోడల వెంట జవాన్లు పొద్దున్నే పరిగెత్తిన దారులవి. 2018 జనవరిలో దాన్ని పట్టుకున్నది ఒక ఆస్ట్రేలియా విద్యార్థి. గేటు దగ్గర ఫోన్ డిపాజిట్ చేయమంటే విసుక్కునేవాళ్లకి నేను ఈ కథ చెప్పేవాణ్ణి. ఫోన్ ఇచ్చేసేవారు, చేతికున్న స్మార్ట్ వాచీ మాత్రం అలాగే ఉండేది.

ఇక నేను అడిగేవి. సైన్యంలో శిక్షణ, పరికరాలు బాగానే ఉంటాయి, వాటి గురించి నాకు ఫిర్యాదు లేదు. కానీ నియమం చూపించి కాదన్న టెక్నీషియన్‌కి ఆ క్షణంలో ఫోన్ చేయడానికి ఒక నంబరు ఉండాలి. ఎదురుగా ఉన్న అధికారి హోదాతో సంబంధం లేకుండా ‘ఆ పోర్టు తెరవకు’ అనో, ‘నా బాధ్యత మీద తెరువు’ అనో చెప్పగలిగేవాళ్లు ఆ ఫోన్ ఎత్తాలి. నా అదృష్టం కొద్దీ మా సెక్షన్ ఆఫీసర్ గట్టివారు. అందరికీ అలాంటివారు దొరకరు. అదృష్టం మీద నడిచేదాన్ని భద్రత అనలేం. అలాగే సీనియర్ అధికారుల కోర్సుల్లో ఒక పూట టెక్నీషియన్‌తో స్కాన్ చేయించి చూపించాలి. ఎంతసేపు పడుతుందో ఒకసారి కళ్లారా చూసినవాళ్లు సమావేశానికి అంత ముందుగా వస్తారు. ఇంకోటి, బదిలీలు. ఒక నెట్‌వర్క్ మొత్తం తలలోకి ఎక్కేసరికి మనిషికి పోస్టింగ్ వస్తుంది. కొత్తగా వచ్చినవాడికి చేతిలో పెట్టేది ఎప్పుడో గీసిన డయాగ్రమ్, కేబుళ్లన్నీ వచ్చి చేరే, సగం లేబుళ్లు ఊడిపోయిన ప్యాచ్ ప్యానెల్. వెళ్లేవాడూ వచ్చేవాడూ కొన్నాళ్లయినా కలిసి పనిచేసేలా చూడాలి. ఆ డయాగ్రమ్‌లో ఉన్న కేబుల్‌నీ గోడలో ఉన్న కేబుల్‌నీ ఇద్దరూ కలిసి ఒక్కొక్కటిగా పోల్చుకోకుండా సంతకాలు పెట్టకూడదు.

చేరాలనుకునే పిల్లలకి కూడా రెండు మాటలు. హ్యాకింగ్ వీడియోలు చూడటం మాని, ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో కంప్యూటర్‌కి ఉండే నంబర్లు), సబ్‌నెట్‌లు (వాటిని విడగొట్టే గుంపులు) చేత్తో లెక్కవేయడం నేర్చుకోండి. మల్టీమీటర్ పట్టుకోవడం నేర్చుకోండి. మేం పరిగెత్తిన ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం కరెంటులోనో, ఎర్తింగ్‌లోనో, వదులైన ప్లగ్గులోనో ఉండేది. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలవడానికి కాస్త ముందు వయాశాట్ ఉపగ్రహ ఇంటర్నెట్ మీద సైబర్ దాడి జరిగింది. వేల మోడెముల మెమరీ చెరిగిపోయింది. ఆ దెబ్బకి జర్మనీలో వేలకొద్దీ గాలిమరలను దూరం నుంచి పర్యవేక్షించే వీలు కూడా పోయింది. ఆ దాడి గురించి పెద్ద పెద్ద విశ్లేషణలు వచ్చాయి. బాగుచేయడం మాత్రం ఎలా జరిగింది? కంపెనీ కొత్త మోడెములు వేలల్లో పంపాల్సి వచ్చింది. పెట్టె విప్పి, పాతది పీకి, కొత్తది తగిలించే చేతులు కావాలి. ఆ చేతులే ఈ ఉద్యోగం.

చివరగా, ఈ ఉత్తరం చదివే కంపెనీల వాళ్లకి ఒక విన్నపం. రిటైరయ్యాక మావాళ్లు ఇంటర్వ్యూలకు వస్తారు. ‘ఏ ప్రాజెక్టులు చేశారు?’ అని అడుగుతారు. ఎక్కడ చేశారో, ఎంత పెద్ద నెట్‌వర్కో, ఏ పరికరాలో చాలావరకు చెప్పకూడదు. మనిషి నసుగుతాడు. ఇతనికి ఏమీ రాదని మీరు అనుకుంటారు. నాకు తెలిసిన ఒకతను, సర్వర్ గదిని ఒక్క రాత్రిలో వేరే భవనంలోకి మార్చి పొద్దున్నకి అన్ని లింకులూ లేపినవాడు, అలాగే మూడు వాక్యాల్లో ఇంటర్వ్యూ ముగించుకుని బయటికి వచ్చాడు. ప్రాజెక్టు పేరు అడగకండి. పనిచేయని ఒక స్విచ్, ఒక ల్యాప్‌టాప్, ఒక టెస్టర్ అతని ముందు పెట్టి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని చూడండి. మధ్యలో మీ మేనేజర్‌ని పంపించి, అనుమతి లేని పాస్‌వర్డ్ ఒకటి గట్టిగా అడిగించండి. రెండింటిలోనూ అతను ఏం చేస్తాడో చూశాక జీతం సంగతి మాట్లాడుకోవచ్చు.

ఇట్లు,
సిగ్నల్స్ విభాగంలో రిటైరైన ఒక టెక్నీషియన్